నోటికి అడ్డంగా అట్టముక్క

హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కీ ఎక్కకముందే బస్సు మళ్ళీ ఆగింది. ఆగడమే కాదు, డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు, అంటే ఇప్పట్లో కదిలే బేరం కాదన్నమాట. పదకొండుకు కమిటీ, ఈ పాడు ట్రాఫిక్కుకు ఇంకో రోజే దొరకలేదా అని శశికళ లోపల్లోపలే పళ్ళు కొరుక్కుంది. డ్రైవరు సీటు వెనక ఇనప కడ్డీకి వీపు ఆనించి, ల్యాప్‌టాప్ సంచీని చంటిపిల్లలా పొట్టకు హత్తుకుని, బస్సు వెనక వైపుకు ముఖం పెట్టి నిలబడి ఉంది. ముందు భాగమంతా ఆడవాళ్ళే, ఉచిత టికెట్టు వచ్చినప్పట్నుంచి దొడ్డబళ్ళాపురంలో ఎక్కితే మెజెస్టిక్ దాకా కాలు పెట్టే సందు ఉండదు. మల్లెపూల వాసన, ఎవరి డబ్బాలోంచో చిత్రాన్నం వాసన, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో. ఆ తలలన్నిటికీ అవతల, మగవాళ్ళ సీట్లకు చిట్టచివర, కిటికీ పక్కన నాయన నంజప్ప ఖాళీ గోనెసంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చిక్కపేటలో జరీ కొనాల, నువ్వెట్లాగూ పోతాండావు గదా, నేనూ వస్తా అని పొద్దున బయల్దేరాడు. ఏ కమిటీ, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు, ఆయన ఎప్పుడడిగాడు గనక. కునుకు తీస్తున్నాడో, బయటికి చూస్తున్నాడో ఇక్కణ్ణించి తెలియడం లేదు.

కమిటీ ఈ పూట సరేనంటే ఇంకో ఏడాది గడువు దొరుకుతుంది, కాదంటే పిహెచ్‌డి రిజిస్ట్రేషన్ రద్దు, అంతే, ఇన్నేళ్ళ చాకిరీ మూట గట్టి అటక మీద పడేసుకోవాలి. అది కాదు అసలు బాధ. గడువు దొరికే దారి ఒకటుంది, తిన్నగా, నున్నగా, కళ్ళు మూసుకుని నడవొచ్చు. నిన్న సాయంత్రం గైడు పద్మనాభం సారు ఫోన్లో ఆ దారే చూపించాడు. తీసెయ్ శశీ, ఆ ముప్ఫైమందినీ తీసెయ్, గ్రాఫు నీట్‌గా వస్తుంది, కమిటీకి కథలొద్దు, గ్రాఫు కావాలి అన్నాడు. సారు చెడ్డవాడైనా బాగుండేది, నాలుగు తిట్లు తిట్టుకుని ఎదురు తిరిగేది. పోయిన ఏడాది గడువు కోసం తన పేరు అడ్డం పెట్టి గొడవపడింది ఆ మనిషే. మంచివాళ్ళు చెప్పే తప్పుడు సలహాను కాదనడానికి నోరెలా వస్తుంది, చచ్చేంత ఇరకాటం. రాత్రంతా, తన వీధిలో పరీక్షించిన ఆ ముప్ఫైమంది నేతవాళ్ళనూ ఒక్కొక్కళ్ళనే మనసులో తీసేసి చూసింది. నాయన దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగిపోయింది.

మొదట్లో ఎంత తేలిగ్గా ఉండింది ఈ పని! మరమగ్గాల రొదకు నేతవాళ్ళ చెవులు ఏ మేరకు చెడిపోతున్నాయి, ఇదీ విషయం. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, మగ్గం ముందు ఎన్నేళ్ళు నిలబడితే అంత చెవుడు, గీత పైనుంచి కిందికి దిగుతూ పోవాలి, థీసిస్ అయిపోవాలి, ఉద్యోగం రావాలి. పరీక్ష కూడా అంతే. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, అందులో మగ్గం రొద రికార్డు పెట్టి, ఆ రొద మీదుగా మైకులో ఒక్కో మాటా పలకడం, గిన్నె, తలుపు, మేక, వాన, వాళ్ళు తిరిగి చెప్పడం. ముప్ఫై నలభై ఏళ్ళు మగ్గం నడిపినవాళ్ళు సగం కూడా చెప్పకూడదు. చెప్పేశారు! గడగడా చెప్పేశారు! వట్టి బీప్ శబ్దాలు వినిపిస్తే బండరాళ్ళలా కూర్చున్నవాళ్ళు, మాటలు పలికితే మాత్రం బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసుల్లోంచి పోలిక కోసం తెచ్చిన కుర్రాళ్ళకంటే బాగా చెప్పారు. చెవిటివాళ్ళకు వినబడుతోంది. అప్పుడు మొదలయింది తిరుగుడు, దేవుడా, అదొక తిరుగుడా.

ముందు యంత్రం మీద అనుమానపడింది. దాన్ని కంపెనీకి పంపితే నెలన్నర ఉంచుకుని, అంతా బాగుందని ఒక చీటీ అంటించి తిప్పి పంపారు. తర్వాత చెవుల్లో గులిమి మీద పడింది, నర్సును బతిమాలి వీధి వీధంతా చెవులు కడిగించింది. ఊళ్ళో తనకు చెవులు కడిగే పాప అని పేరొచ్చింది గానీ లెక్క ఇసుమంత మారలేదు. తర్వాత పట్టు మగ్గం రొద వేరు, నైలాన్ మగ్గం రొద వేరు అనుకుంది, కాదు. తర్వాత కరెంటు కోతలు. కోత పెట్టిన రోజుల్లో మగ్గాలు ఆగుతాయి, చెవులకు విశ్రాంతి దొరుకుతుంది, అదే కారణమేమో! ఆర్నెల్లు కరెంటాఫీసు చుట్టూ తిరిగితే, తమ మీద కేసు వెయ్యడానికొచ్చిందనుకుని అక్కడి గుమాస్తా రోజూ కాఫీ తెప్పించేవాడు. ఆ కోతల వెనకాల పడి నేర్చుకున్నదల్లా ఏ వీధి ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడు పేలుతుందో. ఇప్పుడు నవ్వొస్తోంది, అప్పుడు ఏడుపొచ్చేది. పక్కనున్న ఆవిడ టిఫిన్ సంచీ ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుంటూ ఏనమ్మా, ఆఫీసా అని అడిగింది. తలూపింది శశికళ. ఆఫీసే, అదీ ఒక ఆఫీసే. ముందు కారువాడు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడం లేదు, దాన్ని నొక్కితే దారి పుట్టుకొస్తుందా వీడి మొహం!

ఎవాంజెలిన్‌తో గొడవ అప్పటిదే. ఎవాంజెలిన్‌ది చందాపుర, వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు, ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. తనతోబాటు పరీక్షలు చేసేది. ఒక రోజు తను పరీక్షించినవాళ్ళనే మర్నాడు ఎవాంజెలిన్ పరీక్షించింది, అదే మనిషి, అదే చెవి, అవే మాటలు. తన దగ్గర గడగడా చెప్పినవాళ్ళు ఆ పిల్ల దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నారు. "నేను రూల్ ప్రకారమే చేశా శశీ. నువ్వే ఏదో హింట్ ఇస్తున్నావ్, మీవాళ్ళు కదా" అనేసింది ఎవాంజెలిన్. ఎంత మాట! "నీ కోస్తా తెలుగు మావోళ్ళకి అర్థమైతే గదా చెప్పేకి" అని తనూ అనేసింది. నెల్లాళ్ళు మాటల్లేవు. తర్వాత తెలిసింది, ఆ పిల్ల అన్నదే నిజమని. తెలిసిన మర్నాడే పరిగెత్తుకెళ్ళి కావిలించుకుంది, పాపం ఎవాంజెలిన్ భయపడిపోయింది.

ఎలా తెలిసింది, పరిశోధన వల్లనా? కాదు, వీధి చివర ముసలమ్మ పోయింది, అందుకు తెలిసింది. తమ వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గాలన్నీ ఆపేస్తారు. పుట్టినప్పట్నుంచీ చెవుల్లో డబడబమంటున్న రొద ఒక్కసారి ఆగేసరికి వీధి వీధిలా లేదు, ఎక్కడో కొళాయి కారడం, ఎవరో ముక్కు చీదడం కూడా వినబడుతున్నాయి. చావింటి అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని ఉంది తను. ఎదురింటి మిద్దె మీద నిలబడ్డ సౌమ్యక్క కింద వాకిట్లో ఉన్న తోడికోడల్ని పూలొచ్చాయా అని అడిగింది, వచ్చాయి, అవ్వ కొడుకే ఇంకా రాలేదు, హోసూరు దాటాడంట అని ఆవిడ చెప్పింది, సరే నువ్వు నీళ్ళన్నా తాగు, పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు అని సౌమ్యక్క అంది. అంతా అర్థమైంది తనకు. అర్థమైన తర్వాత, అర క్షణం తర్వాత, ఒళ్ళు జల్లుమంది. అక్కడ చప్పుడే లేదు! ఒక్క అక్షరం కూడా గొంతు దాటి రాలేదు, ఇద్దరూ పెదాలు ఆడించారు, అంతే. మగ్గం ముందు నిలబడి అలా మాట్లాడుకోవడం అలవాటై, మగ్గాలు ఆగినా గొంతు వాడాలని వాళ్ళకు తోచలేదు, తోచలేదని తనకూ తోచలేదు. చావింట్లో ఫక్కున నవ్వబోయింది శశికళ, అమ్మ తొడపాశం పెట్టింది.

స్నానం చేసి ఇంట్లోకొచ్చీ రాగానే ఎవాంజెలిన్‌కు ఫోన్ చేసి, తిట్టుకుందువుగానీ ముందు ఆ వీడియోలు పంపు తల్లీ అంది. పరీక్షలు జరిగేటప్పుడు రిపోర్టు కోసమని ఆ పిల్ల ఫోన్లో తీసి పెట్టింది. పరీక్ష చేసే మనిషి నోటికి అడ్డంగా అట్టముక్క పట్టుకోవాలి, అది నియమం, నోరు కనబడకూడదు, చెవిని కొలుస్తున్నాం గానీ కంటిని కాదు. వీడియోలో తను అట్ట పట్టుకునే ఉంది. మొదటి మాటకు నోటికి అడ్డంగా, రెండో మాటకు గడ్డం దగ్గర, మూడో మాటకు ఎక్కడో గుండెల మీద. ఆ ముప్ఫైమందిలో ఎవరికైనా అంతే. బ్రూక్‌ఫీల్డ్ కుర్రాళ్ళ ముందు మాత్రం అట్ట గోడలా నిలబడింది. తనకే తెలియకుండా తన చెయ్యి మనిషిని బట్టి దిగుతోంది! ఎందుకు దిగుతుందో వేరే చెప్పాలా. మగ్గమింట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెద్దవాళ్ళతో మాట్లాడితే బూతు తిట్టినట్టే. చిన్నప్పుడు తలుపు చాటునుంచి నాయన్ను పిలిచినందుకు అమ్మ పార్వతమ్మ వీపు మీద ఒక్కటిచ్చి, "మొకం సూపించి మాట్లాడే, కుక్కనా పిలిచేది" అంది. భుజం తట్టాలి, ఎదురుగా రావాలి, నోరు చూపించాలి, అప్పుడు మాట. హాస్టల్లో చేరిన కొత్తలో అట్లా గుచ్చి గుచ్చి మొహాలు చూస్తావేంటే అని అందరూ ఏడిపించేవాళ్ళు. తాను పొరపాటు చెయ్యలేదు, మర్యాద చేసింది. ఆ మర్యాదే కొలత మొత్తాన్నీ చెడగొట్టింది.

చెడగొట్టిందా? అదే కదా తేలనిది! చెవులు పోయినవాళ్ళు కళ్ళతో వింటున్నారని ఆ చెడిపోయిన కొలతే చెప్పింది. అట్ట దించితే ఇంత, ఎత్తితే ఇంత, ఆ రెండింటి మధ్య తేడాయే ఈ వీధి వాళ్ళ చదువు. సరిగ్గా చేసుంటే ఈ సంగతి నూరేళ్ళకూ దొరికేది కాదు. కరోనా రోజుల్లో ఆస్పత్రినుంచొచ్చి ఆ డాక్టరమ్మ నాతో మాట్లాడనే లేదు అని నాయన ఎగిరి ఎగిరి పడింది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది, ఆమె మాట్లాడే ఉంటుంది, మాస్కులోంచి. ముఖం చూపించి మాట్లాడండయ్యా, మందూ మాకూ అక్కర్లేదు అని నర్సులకూ, బ్యాంకు కౌంటర్ల వాళ్ళకూ చెప్పగలిగితే అదెంత పని! కానీ నీ విషయం అది కాదు కదమ్మా అంటారు కమిటీవాళ్ళు. కొత్తగా రిజిస్టరు చేసుకో, మళ్ళీ మొదట్నుంచి రా అంటారు. పైగా నియమం తప్పి పరీక్ష చేశానని సొంత నోటితో చెప్పాలి. సారు మాటల్లో న్యాయం లేకపోలేదు, నియమం తప్పిన కొలతను తీసెయ్యడం శాస్త్రమే. తీసేసి, ఎందుకు తీశామో చెప్పకుండా ఊరుకోవడం మాత్రం ఏ శాస్త్రమో.

నాయన కోపం సంగతి కూడా ఆ వీడియోల రాత్రే తెలిసింది. కోపం కాదని తెలిసింది. చదువుకని బెంగళూరొచ్చినప్పట్నుంచీ ఫోన్ చేస్తే ఆఁ, సరే, ఇదో మీయమ్మకిస్తా అని రెండు ముక్కల్లో వదిలించుకునేవాడు. మగ్గం పని నేర్చుకోలేదనీ, ఇల్లొదిలి పోయిందనీ మనసులో పెట్టుకున్నాడనుకుంది. "నీమింద కోపమేముంటాదప్పా, ఆయప్ప అంతే" అని అమ్మ అన్నా నమ్మలేదు. పంతానికి తనూ అడగడం మానేసింది, ఏళ్ళకేళ్ళు. పిచ్చిమొహాన్ని, ఫోన్లో నోరు కనబడుతుందా ఆయనకు! ఒక్క మాటన్నా వినబడిందా ఇన్నేళ్ళలో! వినబడలేదని ఆయన చెప్పలేదు, వినబడుతోందా అని తను అడగలేదు, చెవుల మీద పిహెచ్‌డి చేస్తూ. ఆ రాత్రి దిండు తడిసిపోయింది. తర్వాతి ఆదివారం వీడియో కాల్ చేస్తే, నంజప్ప అరగంట మాట్లాడాడు, దోమల గురించీ, కొత్త మేస్త్రీ గురించీ, అల్లం ధర గురించీ. ఇప్పుడు ఆయన్నే తీసెయ్యాలి. వరసలో పదిహేడో మనిషి, నంజప్ప, మగ్గం ముందు నలభై ఏళ్ళు.

ఇంజను గుర్రుమంది, బస్సు ఒక మూర జరిగింది, మళ్ళీ ఆగింది. కండక్టరు ముందె హోగి, ముందె హోగి అని అరుస్తున్నాడు, ఎక్కడికి పోవాలయ్యా ముందుకు, డ్రైవరు ఒళ్ళోకా. సంచీలో ఫోన్ మోగింది. పద్మనాభం సారు.

"శశీ, ఎక్కడున్నావ్? కమిటీ వాళ్ళు ముగ్గురూ వచ్చేశారు. నాకు ఫైనల్ స్లైడ్స్ కావాలి, రైట్ నౌ. తీసేశావా?"

"సార్, హెబ్బాళలో ఇరుక్కుపోయా... ఇంకా లేదు సార్."

"ఏంటమ్మా ఇది! చూడు, నీ ఐడియా బ్యాడ్ అనడం లేదు. డిగ్రీ వచ్చాక పేపర్ రాసుకో, నేనే హెల్ప్ చేస్తా. ఇవాళ మాత్రం ఆ ముప్ఫైమందీ ఉండకూడదు."

"అందర్నీనా సార్? నాయన్ని కూడా తీసెయ్యాలా?"

"నాయనా, తాతా అని ఉంటుందా డేటాలో? తీసెయ్. తప్పు జరిగిందని చెప్పావనుకో, ఫస్ట్ క్వశ్చన్ దగ్గరే అంతా ఆగిపోతుంది. ప్లీజ్ శశీ, నా మాట విను."

బయట హారన్లు. ఏడాది గడువు, హాస్టలు గది, అమ్మ ముందు తలెత్తుకోవడం, అన్నీ ఒక్క మాట అవతల ఉన్నాయి. అలసిపోయింది, నిజంగా అలసిపోయింది, తిరిగి తిరిగి తిన్నగా నడిచే దారి దొరికితే ఎవరికి మాత్రం చేదు. "సరే సార్" అంది. "నాయన్ని తీసేస్తాను. అందర్నీ తీసేస్తాను. పంపిస్తాను సార్."

ఫోన్ పెట్టేసింది. అయిపోయింది, ఇంత సులువుగా. పెద్ద బరువు దిగినట్టుండాలి కదా, మరి దిగలేదేమిటి. ల్యాప్‌టాప్ సంచీ జిప్పు మీద చెయ్యి వేసి, ఎక్కడ కూర్చుని తియ్యడం అని సీటు కోసం తలెత్తింది.

నాయన చూస్తున్నాడు. కునుకూ లేదు, కిటికీ లేదు, సీటులోంచి లేచి నిలబడి, గోనెసంచీ ఒక చేత్తో పట్టుకుని, అన్ని తలల మీదుగా సూటిగా తన నోటి వైపే చూస్తున్నాడు. ఎప్పట్నుంచి చూస్తున్నాడు? అయ్యో, ఎప్పట్నుంచి! ఫోన్ పెట్టుకున్నప్పట్నుంచీ తన ముఖం అటువైపే ఉంది. సారు మాటలు ఈ లోకంలో తనకొక్కదానికే వినబడ్డాయి, తన మాటలు మాత్రం పొల్లు పోకుండా అక్కడికి చేరిపోయాయి. కళ్ళతో వింటారని నాలుగొందల పేజీల నోట్సు రాసి పెట్టుకున్న తను, ఆయన ఎదుటే నిలబడి మాట్లాడింది.

నంజప్ప పెదాలు కదిలాయి. గొంతు లేదు. మగ్గం ముందు మాట్లాడినట్టే, నింపాదిగా, ఒక్కో మాటా విడగొట్టి.

"నన్నేల తీసేస్తాండావమ్మా?"

పరీక్ష తప్పిన పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ అరవై దాటిన ముఖం అలా ఉంది, శశికళ చూడలేకపోయింది, చూడకుండా ఉండనూ లేకపోయింది, చూపు తిప్పితే మాట వినబడదు.

"నేను అన్నీ సరింగానే చెప్తిని గదా?"

చెప్పావు నాయనా, అన్నీ సరిగ్గానే చెప్పావు, ఒక్కటి కూడా తప్పలేదు, తప్పిందంతా మాదే. ఇదంతా చెప్పాలంటే గొంతు పెగలడం లేదు. పెగలాల్సిన పని కూడా లేదు. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా, పక్కావిడ వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా, పెదాలతోనే చెప్పింది, సరిగ్గా చెప్పినావు, తీసెయ్యను.

ఆయన ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, నమ్మినట్టు లేడు. మళ్ళీ చెప్పింది, ఇంకా విడగొట్టి, తీ-సె-య్య-ను. అప్పుడు నంజప్ప ముఖం విప్పారింది. సంతోషంలో గొంతు సంగతి మరిచిపోయాడు, తన గొంతు ఎంత పెద్దదో తనకు వినబడదు కాబట్టి బస్సు బస్సంతా అదిరేలా, "అట్లయితే ఆ సారుకి ఫోన్ జేసి చెప్పుమ్మా!" అని కేక పెట్టాడు. ఎక్కడ కొట్టుకుంటున్నారోనని బస్సులో తలలన్నీ ఒక్కసారి వెనక్కు తిరిగాయి. కండక్టరు ఏన్ స్వామీ ఏనాయ్తు అంటూ అటు తోసుకుపోయాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది శశికళకు, ఏడుస్తూనే నవ్వేసింది.

గడువు రాదేమో. మళ్ళీ మొదట్నుంచీ రమ్మంటారేమో. అమ్మ ముందు తలెత్తుకోవడం సంగతి తర్వాత చూసుకోవాలి. పద్మనాభం సారు నంబరు నొక్కింది. అటు రింగవుతుండగా పక్కావిడ కాస్త జరిగి, ఈ గలాటలో ఏమీ వినబడదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడమ్మా అని కన్నడంలో సలహా ఇచ్చింది. శశికళ ఫోన్‌ను చెవికి ఆనించి, రెండో చెయ్యి కిందికి దించేసి, ముఖం నాయన వైపే ఉంచింది.